ట్రౌట్ గాలపు వేటలో మేఫ్లై పేర్లు: ఒక నామకరణ చరిత్ర

వ్యాససంగ్రహం

ట్రౌట్ చేపను కృత్రిమ ఈగతో పట్టే గాలపు వేటలో మేఫ్లై కీటకాలకు వందలాది లోకనామాలు ఏర్పడ్డాయి. వీటిని శాస్త్రీయ నామాలకు ముందుకాలపు ముడి రూపాలుగా, శాస్త్రం వచ్చాక అవసరం తీరిన మాటలుగా చూడడం పరిపాటి. 1496 నాటి ఆంగ్ల గ్రంథం మొదలుకొని 20వ శతాబ్దపు అమెరికన్ రచనల వరకు ఈ పేర్ల ప్రయాణాన్ని పరిశీలిస్తే భిన్నమైన చిత్రం కనిపిస్తుంది. వేటగాడి పేరు జాతిని చెప్పడానికి పుట్టలేదు. ఋతువు, రంగు, జీవదశ కలిసిన ఒక సంఘటనను చెప్పడానికి పుట్టింది. ఈ తేడాను గుర్తించినప్పుడే పాత వేట రచనలను నదుల పర్యావరణ చరిత్రకు సాక్ష్యంగా వాడుకోగలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మేఫ్లై, ట్రౌట్, గాలపు వేట, లోకనామాలు, ద్వినామ విధానం, వృత్తిపదాలు, నదీ పర్యావరణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తొలకరి తరువాత చేలగట్ల మీద ఎర్రని మఖమల్ ముక్కలా పాకే చిన్న జీవిని తెలుగు రైతులు ఆరుద్ర పురుగు అంటారు. ఆరుద్ర కార్తెలో కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. జంతుశాస్త్రం లెక్కలో అది కీటకం కాదు, సాలీళ్ళకు దగ్గరి బంధువు. అంతమాత్రాన ఆ పేరు తప్పని ఎవరూ అనరు. ఆ పేరు రైతుకు జీవి వంశాన్ని చెప్పదు, అదను వచ్చిందని చెబుతుంది. ఒక వృత్తి తన అవసరం కోసం పెట్టుకున్న పేరును మరొక శాస్త్రపు కొలబద్దతో తూచినప్పుడు ఆ పేరులోని జ్ఞానం జారిపోతుంది.

ఇటువంటి పేర్లు పెద్ద సంఖ్యలో పుట్టి, నాలుగు శతాబ్దాలకు పైగా గ్రంథస్థమై, శాస్త్రీయ నామాలతో పక్కపక్కనే నడిచిన సందర్భం ఇంగ్లండు, ఐర్లండు, అమెరికా దేశాల ట్రౌట్ వేటలో ఉంది. 'మార్చ్ బ్రౌన్', 'గ్రీన్ డ్రేక్', 'బ్లూ వింగ్‌డ్ ఆలివ్', 'హెండ్రిక్‌సన్' వంటి పేర్లు ఆ సంప్రదాయానివే. అవి ఏ కీటకాన్ని సూచిస్తాయన్న ప్రశ్నకు ఏ కాలంలోనూ ఒకే సమాధానం లేదు. ఎందుకు లేదన్నదే ఈ పరిశీలనకు కేంద్రం.

2. జీవి, దాని దశలు

పేర్ల చరిత్ర అర్థం కావాలంటే జీవి చరిత్ర తెలియాలి. మేఫ్లైలు ఎఫెమెరాప్టెరా అనే క్రమానికి చెందిన కీటకాలు. 'ఒక్కనాటిది' అనే అర్థమున్న గ్రీకు పదం ఈ పేరుకు మూలం. హైపానిస్ నది మీద ఎండాకాలంలో పుట్టి సాయంత్రానికే చచ్చిపోయే రెక్కల జీవిని అరిస్టాటిల్ ఆ మాటతోనే ప్రస్తావించాడు.

అయితే ఆ ఒక్కరోజు జీవితం రెక్కలు వచ్చాకే. అంతకు ముందు ఈ కీటకం శాబకంగా నీటిలో కొన్ని నెలల నుంచి, కొన్ని జాతులలో రెండేళ్ళ వరకు బ్రతుకుతుంది. కాలం వచ్చినప్పుడు శాబకం నీటి పైకి వచ్చి, చర్మం చీల్చుకొని, మసక రెక్కలతో బయటపడుతుంది. ఈ ఉపప్రౌఢ దశను వేటగాళ్ళు 'డన్' అంటారు. డన్ అంటే ఆంగ్లంలో మసకబారిన బూడిద గోధుమ వన్నె. కొన్ని గంటలలోనో మర్నాటికో అది మరొక్కసారి కుబుసం విడిచి, మెరిసే పారదర్శకమైన రెక్కలతో ప్రౌఢ కీటకమవుతుంది. దీనిని 'స్పిన్నర్' అంటారు. ఎగరగలిగే రెక్కలు వచ్చాక మళ్ళీ కుబుసం విడిచే కీటకాలు నేడు జీవించి ఉన్నవాటిలో ఇవే. రెక్కలు వచ్చాక ఇవి ఆహారం తీసుకోవు. జతకట్టి, గుడ్లు పెట్టి, నీటి మీద వాలి చనిపోతాయి.

ట్రౌట్‌కు ఈ దశలన్నీ మేతే. పైకి ఈదుతున్న శాబకాన్ని, రెక్కలు ఆరబెట్టుకుంటూ ప్రవాహంలో తేలే డన్‌ను, రెక్కలు చాచి పడిపోయిన స్పిన్నర్‌ను అది వేర్వేరు విధాలుగా అందుకుంటుంది. ఒక దశలోని కీటకాన్ని తింటున్న చేప మరో దశను పోలిన ఎర వైపు చూడకపోవడం తరచుగా జరుగుతుంది. కొక్కెం మీద ఈకలు, ఉన్ని, పట్టుదారం చుట్టి కృత్రిమ ఈగను కట్టే వేటగాడికి కాబట్టి ఒకే జాతి మూడు నాలుగు వేర్వేరు వస్తువులు. ఒకే రంగూ పరిమాణమూ ఉన్న నాలుగు జాతులు అతనికి ఒకే వస్తువు. శాస్త్రజ్ఞుడి వర్గీకరణతో అతని వర్గీకరణ విడిపోయేది ఇక్కడే.

3. మాసాల పట్టికలు: 1496 నుంచి 1676 వరకు

గాలపు వేటపై ఆంగ్లంలో అచ్చయిన తొలి గ్రంథం 1496లో వింకిన్ డి వర్డ్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రించిన సంపుటంలో ఉంది. దానిని జూలియానా బెర్నర్స్ అనే మఠాధిపతికి ఆపాదించే సంప్రదాయం ఉన్నా, అందుకు గట్టి ఆధారం లేదు. ఆ గ్రంథం పన్నెండు కృత్రిమ ఈగలను మార్చి నుంచి ఆగస్టు వరకు నెలల వారీగా వర్ణించింది. మార్చి నెలకు చెప్పిన రెండూ 'డన్' ఈగలే. ప్రతి వర్ణనలోనూ ఒంటికి ఏ రంగు ఉన్ని, రెక్కకు ఏ పక్షి ఈక అన్న వివరమే ప్రధానం. జీవిని వర్ణించడం, ఎరను తయారుచేసే విధానం చెప్పడం అక్కడ ఒకే పని. ఆ పన్నెండింటిలో ప్రతిదానికీ నేటి జాతిని సరిపోల్చే ప్రయత్నాలు తరువాతి కాలంలో జరిగాయి గాని, ఆ గ్రంథం నెలకూ రంగుకూ మించి ఆధారమివ్వదు.

ఐజాక్ వాల్టన్ 1653లో ప్రచురించిన 'ది కంప్లీట్ ఆంగ్లర్'కు 1676లో చార్లెస్ కాటన్ రెండవ భాగం చేర్చాడు. కృత్రిమ ఈగలపై వాల్టన్ కంటే కాటన్‌కే అధికారం ఎక్కువ. డెర్బీషైర్, స్టాఫర్డ్‌షైర్‌ల మధ్య ప్రవహించే డవ్ నది అతని వేటస్థలం. అతని పట్టిక కూడా నెలల వారీదే. 'మేఫ్లై' అనే పేరు కింద అతడు నాలుగు కీటకాలను చేర్చాడు: గ్రీన్ డ్రేక్, స్టోన్‌ఫ్లై, బ్లాక్ ఫ్లై, చిన్న పసుపు మేఫ్లై. వీటిలో స్టోన్‌ఫ్లై నేటి శాస్త్రం ప్రకారం వేరే క్రమానికి చెందింది. కాటన్‌కు మేఫ్లై అంటే మే నెలలో వచ్చే ఈగ. ఆ నిర్వచనంలో అతని పట్టిక పూర్తిగా పొందికైనది.

ఇక్కడ చరిత్రకారులు గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఇంగ్లండు 1752 వరకు జూలియన్ పంచాంగాన్నే పాటించింది. 1676 నాటికి అది నేటి పంచాంగానికి పది రోజులు వెనుకబడి ఉంది. కాటన్ కాలపు మే 20 నేటి లెక్కలో మే 30. కీటకాలు బయటికి వచ్చే కాలం మారిందా లేదా అని పాత గ్రంథాల ఆధారంగా తేల్చబూనుకున్నవారు ఈ పది రోజులను సవరించకపోతే, పంచాంగపు తేడాను ప్రకృతిలో వచ్చిన మార్పుగా పొరబడతారు.

4. ప్రయోగశాలలో అదే కీటకం

కాటన్ పుస్తకానికి సరిగ్గా ఒక సంవత్సరం ముందు, 1675లో, యాన్ స్వామర్‌డామ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో మేఫ్లై జీవితంపై ఒక గ్రంథం వెలువరించాడు. డచ్ నదులలోని పెద్ద మేఫ్లైని కోసి, సూక్ష్మదర్శినితో పరిశీలించి, శాబకం లోపలి అవయవాలను, నీటి నుంచి బయటపడ్డాక మళ్ళీ జరిగే కుబుస విసర్జనను అతడు వర్ణించాడు. గ్రంథం నిండా దైవచింతన ఉంది. మానవ జీవితపు అల్పత్వానికి ఆ కీటకం అతనికి ఉదాహరణ. ఒకే కాలంలో ఒకే వర్గపు జీవిని చూసిన ఈ ఇద్దరి రచనలలో కలిసే అంశాలు దాదాపు లేవు. కాటన్ ఈక రంగును చూశాడు, స్వామర్‌డామ్ శరీర నిర్మాణాన్ని చూశాడు.

1758లో లిన్నేయస్ తన 'సిస్టమా నేచురే' పదవ కూర్పులో ఎఫెమెరా ప్రజాతిని న్యూరాప్టెరా క్రమంలో ఉంచి, ఎఫెమెరా వల్గాటా వంటి జాతులకు ద్వినామాలిచ్చాడు. బ్రిటన్ ట్రౌట్ నదులలో వేటగాళ్ళు మేఫ్లై అనేటప్పుడు ఎక్కువగా చూసే జాతి మాత్రం అది కాదు. దానికి సమీప బంధువైన ఎఫెమెరా డానికా ఆ జాతి. దానికి డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఓ. ఎఫ్. ముల్లర్ 1764లో పేరు పెట్టాడు. ఇంగ్లండు వేటగాడికి తరతరాలుగా తెలిసిన ఈగకు శాస్త్రం పెట్టిన పేరు మరో దేశాన్ని గుర్తుచేసేది కావడం విశేషం.

5. ఒకే ఫలకంపై రెండు పేర్లు: ఆల్‌ఫ్రెడ్ రొనాల్డ్స్

ఈ రెండు మార్గాలను కలిపిన తొలి ప్రధాన గ్రంథం ఆల్‌ఫ్రెడ్ రొనాల్డ్స్ 1836లో ప్రచురించిన 'ది ఫ్లై-ఫిషర్స్ ఎంటమాలజీ'. స్టాఫర్డ్‌షైర్‌లోని బ్లైత్ నది ఒడ్డున చిన్న గుడిసె కట్టుకొని, అందులో కూర్చొని ట్రౌట్ ప్రవర్తనను అతడు గమనించాడు. చేపకు రుచి తెలుస్తుందా అని తేల్చుకోవడానికి రకరకాల పదార్థాలు పూసిన ఈగలను నీటిలోకి వదిలి చూశాడు. చేతితో రంగులద్దిన ఫలకాలలో సహజ కీటకాన్ని, దాని కృత్రిమ రూపాన్ని పక్కపక్కనే ముద్రించి, లోకనామంతో పాటు శాస్త్రీయ వర్గీకరణ కూడా ఇచ్చాడు.

రొనాల్డ్స్ కృషిలో చెప్పుకోదగ్గది దశల సంబంధాన్ని వేటగాళ్ళకు వివరించడం. కాటన్ రెండు ఈగలుగా వర్ణించిన గ్రీన్ డ్రేక్, గ్రే డ్రేక్ ఒకే కీటకపు రెండు రూపాలు. ఆకుపచ్చ ఛాయ ఉన్న డన్ గ్రీన్ డ్రేక్. అది కుబుసం విడిచాక వచ్చే ఆడ స్పిన్నర్ గ్రే డ్రేక్. మగ స్పిన్నర్ బ్లాక్ డ్రేక్. గుడ్లు పెట్టి నీటిపై పడిపోయినదానికి 'స్పెంట్ నాట్' అని మరో పేరు. ఒక్క ఎఫెమెరా డానికాకు ఇలా నాలుగు పేర్లున్నాయి. ఇవి ఒకే జీవివని తెలిశాక కూడా వేటగాళ్ళు పేర్లను కలిపివేయలేదు. కొత్త జ్ఞానాన్ని స్వీకరించి, పాత విభజనను నిలుపుకున్నారు. నీటి ఒడ్డున ఆ విభజన అవసరం తీరలేదు కనుక ఇది అజ్ఞానానికి గుర్తు కాదు.

6. ఈటన్ ప్రామాణిక గ్రంథం, హాల్‌ఫర్డ్ తరం

రెవరెండ్ ఆల్‌ఫ్రెడ్ ఎడ్విన్ ఈటన్ 1883–1888 మధ్య లండన్ లిన్నియన్ సొసైటీ ద్వారా ప్రపంచ మేఫ్లైలన్నింటిపై బృహత్ గ్రంథం వెలువరించాడు. పాత పేర్ల గందరగోళాన్ని సవరించి, ప్రజాతులకు కొత్త పునాది వేశాడు. క్రమం మొత్తానికి 'మేఫ్లై' అనే మాటను గ్రంథ శీర్షికలోనే వాడాడు. దానితో ఆ మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. శాస్త్రంలో మేఫ్లై అంటే క్రమం మొత్తం. బ్రిటిష్ వేటగాడి నోట నేటికీ మేఫ్లై అంటే ఎఫెమెరా ప్రజాతిలోని పెద్ద కీటకాలు మాత్రమే. తక్కినవి ఆలివ్‌లు, డన్‌లు, స్పిన్నర్‌లు.

దక్షిణ ఇంగ్లండులోని సుద్దరాతి నేలల నుంచి ఊరే తేటనీటి ఏళ్ళ మీద, ముఖ్యంగా టెస్ట్ నదిపై, ఎఫ్. ఎం. హాల్‌ఫర్డ్ తేలే ఈగల వేటను ఒక శాస్త్రంగా తీర్చాడు. 1886లో కృత్రిమ ఈగల తయారీపైన, 1897లో వాటి కీటకశాస్త్రంపైన గ్రంథాలు రాశాడు. చేప తింటున్న కీటకాన్ని ఖచ్చితంగా పోలిన ఈగనే వాడాలన్నది అతని సిద్ధాంతం. జి. ఇ. ఎం. స్క్యూస్ 1910 నుంచి నీటి అడుగున తిరిగే శాబకాన్ని అనుకరించే పద్ధతిని సమర్థించడంతో వివాదం రేగింది. పేర్ల చరిత్రకు అందులో పనికివచ్చే అంశం ఒకటుంది. అప్పటి వరకు వేటగాళ్ళ పేర్లు రెక్కలున్న దశలకే ఎక్కువ. స్క్యూస్ తరువాత శాబక దశ కూడా వారి పదజాలంలో స్థానం పొందింది.

ఈ కాలానికి బ్రిటిష్ పేర్ల తీరు స్పష్టపడింది. సెరటెల్లా ఇగ్నిటా అనే జాతి డన్ 'బ్లూ వింగ్‌డ్ ఆలివ్'. దాని ఆడ స్పిన్నర్ ఎర్రని మద్యపు వన్నెను బట్టి 'షెర్రీ స్పిన్నర్'. 'ఐరన్ బ్లూ' డన్ మగ స్పిన్నర్ అయ్యాక 'జెన్నీ స్పిన్నర్'. కేనిస్ ప్రజాతి కీటకాలు మరీ చిన్నవి. వాటిని పోలిన ఎర కట్టడమే కష్టం కనుక 'ఆంగ్లర్స్ కర్స్', అంటే వేటగాడి శాపం. వీటికి భిన్నంగా 'ఆలివ్' అనే ఒక్క పేరు బీటిస్ ప్రజాతిలోని అనేక జాతులకు వర్తిస్తుంది. వాటిలో బీటిస్ రోడాని 'లార్జ్ డార్క్ ఆలివ్'గా కొంత వేరుపడింది. 'మార్చ్ బ్రౌన్' విషయంలో చిక్కు ఇంకొక రకం. వసంతారంభంలో వేగంగా పారే నదులపై వచ్చే రిత్రోజినా జర్మానికాకు ఆ పేరు నేడు స్థిరపడింది. చూపుకు దానిని పోలిన ఎక్డయోన్యూరస్ వీనోసస్‌ను కూడా అదే పేరుతో పిలిచినవారున్నారు; అందుకే దానికి 'ఫాల్స్ మార్చ్ బ్రౌన్' అన్న పేరు వచ్చింది.

7. అట్లాంటిక్ దాటిన పేర్లు

ఐరోపాకు చెందిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1883లో జర్మనీ నుంచి అమెరికాకు చేరాయి. 1890లో హాల్‌ఫర్డ్ తన ఈగలను న్యూయార్క్ రాష్ట్రంలోని థియోడర్ గోర్డన్‌కు పంపాడు. చేపా ఈగలూ సముద్రం దాటినా కీటకాలు దాటలేదు. క్యాట్‌స్కిల్ కొండల నదులలోని మేఫ్లైలు వేరు జాతులు. పేర్లు మాత్రం ప్రయాణించి, దొరికిన పోలికకు అతుక్కున్నాయి. అమెరికాలో 'మార్చ్ బ్రౌన్' స్టెనోనెమా వికారియం. అది మార్చిలో రాదు, మే నెలకు గాని కనిపించదు. తూర్పు రాష్ట్రాల 'గ్రీన్ డ్రేక్' ఎఫెమెరా గుట్టులాటా. పశ్చిమ రాష్ట్రాలలో అదే పేరు డ్రునెల్లా గ్రాండిస్ అనే వేరే కుటుంబపు కీటకానిది. 'బ్లూ వింగ్‌డ్ ఆలివ్' ఇంగ్లండులో ఒక జాతి. అమెరికాలో బీటిస్, డ్రునెల్లా తదితర ప్రజాతుల జాతులెన్నో ఆ పేరు కిందికి వచ్చాయి.

మరో ధోరణి అమెరికాలో కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఇంగ్లండులో సాధారణంగా కీటకం పేరు కృత్రిమ ఈగకు వచ్చింది. ఇక్కడ కృత్రిమ ఈగ పేరు కీటకానికి వచ్చింది. గోర్డన్ పేరుతో ప్రసిద్ధమైన 'క్విల్ గోర్డన్' ఈగ ఏ కీటకాన్ని పోలి ఉందో, ఆ ఎపియోరస్ ప్లూరాలిస్‌నే క్విల్ గోర్డన్ అనసాగారు. రాయ్ స్టీన్‌రాడ్ తన మిత్రుడు ఎ. ఇ. హెండ్రిక్‌సన్ గౌరవార్థం పేరు పెట్టిన ఈగ, ఎఫెమెరెల్లా సబ్‌వేరియా ఆడ డన్‌కు ఆ వ్యక్తి పేరును శాశ్వతం చేసింది. అదే జాతి మగ డన్‌ను పోలిన ఈగ 'రెడ్ క్విల్'. ఒక్క జాతిలో ఆడదానికి ఒక పేరు, మగదానికి వేరొక పేరు అలా నిలిచాయి.

1916లో లూయీ రెడ్ అమెరికన్ ట్రౌట్ నదుల కీటకాలపై పుస్తకం రాశాడు. బొమ్మలు స్వయంగా గీసి, పేర్లు సొంతంగా కల్పించాడు. శాస్త్రీయ నామాలతో జతచేయలేదు. ఆ పేర్లు వాడుకలో నిలవలేదు. 1935లో ప్రెస్టన్ జెన్నింగ్స్ తాను సేకరించిన కీటకాల జాతులను నిర్ధారించి, వాటికి అప్పటికే వాడుకలో ఉన్న పేర్లను జోడించాడు. ఆర్ట్ ఫ్లిక్ 1947లోను, ఎర్నెస్ట్ ష్వీబర్ట్ 1955లోను అదే మార్గాన్ని విస్తరించారు. లోకనామం ఒక రచయిత ఇష్టంతో పుట్టదని, నీటి ఒడ్డున పదిమంది ఒప్పుకున్నదే నిలుస్తుందని రెడ్, జెన్నింగ్స్‌ల భిన్న ఫలితాలు చూపుతాయి.

8. ఏ పేరు స్థిరం?

లోకనామాలు చంచలమని, శాస్త్రీయ నామాలు స్థిరమని ఒక నమ్మకం ఉంది. ఈ కీటకాల విషయంలో దానిని సవరించుకోవాలి. పోడా 1761లో ఎఫెమెరా ఇగ్నిటా అన్న జీవి తరువాత ఎఫెమెరెల్లా ఇగ్నిటా అయి, ఇటీవల సెరటెల్లా ఇగ్నిటా అయింది. అమెరికా మార్చ్ బ్రౌన్‌ను స్టెనోనెమా నుంచి మాకఫెర్టియం ప్రజాతికి మార్చారు. పశ్చిమ అమెరికాలోని 'పేల్ మార్నింగ్ డన్' కింద చెప్పే ఎఫెమెరెల్లా ఇన్‌ఫ్రీక్వెన్స్, 2003 నాటి పునఃపరిశీలనలో తూర్పు ప్రాంతపు 'సల్ఫర్' అయిన ఎఫెమెరెల్లా డొరోథియాకు ఉపజాతిగా తేలింది. వేటగాళ్ళు మాత్రం తూర్పున సల్ఫర్ అని, పడమట పేల్ మార్నింగ్ డన్ అని అనడం మానలేదు.

శాస్త్రీయ నామం మారడం దోషం కాదు. వంశ సంబంధంపై అవగాహన పెరిగే కొద్దీ అది మారాలి. లోకనామం నిలవడం కూడా గొప్పతనం కాదు. అది చెప్పే సంఘటన మారనంత కాలం అది మారనక్కరలేదు. రెండు పేర్లూ రెండు ప్రశ్నలకు సమాధానాలు. ఇది ఏ వంశానిది అన్నది ఒక ప్రశ్న, ఇప్పుడు నీటిపై ఏం జరుగుతోంది అన్నది రెండవది.

తెలుగులో వృత్తిపదాల సేకరణ ఈ మెలకువను ముందే చూపింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం పదానికి అర్థంతో సరిపెట్టుకోక, అది ఏ ప్రాంతపు వాడుకో కూడా నమోదు చేసింది. ప్రాంతం తెలియని వృత్తిపదం సగం అర్థాన్నే ఇస్తుందన్న ఆ సూత్రం 'బ్లూ వింగ్‌డ్ ఆలివ్'కు అక్షరాలా వర్తిస్తుంది.

9. పేరు సాక్ష్యమైనప్పుడు

మేఫ్లై శాబకాలలో అనేకం కాలుష్యాన్ని, నీటిలో ఆక్సిజన్ తగ్గడాన్ని తట్టుకోలేవు. అందువల్ల వాటి ఉనికి నది ఆరోగ్యానికి కొలమానమైంది. బ్రిటన్‌లో వేటగాళ్ళే స్వచ్ఛందంగా నిర్వహించే పర్యవేక్షణ పథకంలో ఎనిమిది జీవవర్గాలను లెక్కిస్తారు. అందులో నాలుగు మేఫ్లై వర్గాలు: 'మేఫ్లై', 'బ్లూ వింగ్‌డ్ ఆలివ్', 'ఆలివ్‌లు', బల్లపరుపు శరీరమున్న శాబకాలు. ఒక్కొక్కటి ఒక కుటుంబానికి ప్రతినిధి. సంఖ్య నిర్ణీత స్థాయికి దిగువకు పడితే సంబంధిత ప్రభుత్వ సంస్థకు తెలియజేస్తారు. పళ్ళెంలో లెక్కించే శాబకానికి రెక్కలు ఉండవు. అయినా దానిని నీలి రెక్కల ఆలివ్ అనే అంటారు. డన్ రెక్క రంగును చెప్పడానికి పుట్టిన పేరు ఒక కుటుంబపు శాబకాలకు సంకేతంగా కొత్త బాధ్యత మోస్తోంది.

గతకాలపు స్థితిని తెలుసుకోవాలంటే పాత వేట గ్రంథాలు, వేటగాళ్ళ దినచర్య పుస్తకాలే తరచుగా మిగిలిన ఆధారాలు. సుద్దనేలల ఏళ్ళలో బ్లూ వింగ్‌డ్ ఆలివ్ తగ్గిపోయిందన్న ఆందోళన నేటి వేటగాళ్ళలో బలంగా ఉంది. ఇంగ్లండు దినచర్యలో ఆ పేరు ఉంటే దానిని ఒక జాతికి సాక్ష్యంగా తీసుకునే వీలుంది. మూడు తోకపోచలు, నీలి బూడిద రెక్కలు రెండు తోకపోచలే ఉన్న బీటిస్ నుంచి దానిని వేరుచేస్తాయి. అదే పేరు అమెరికా దినచర్యలో ఉంటే కుటుంబాన్ని కూడా నిర్ధారించలేం. 'ఆలివ్ డన్ విరివిగా వచ్చింది' అన్న వాక్యం ఏ దేశంలోనైనా ఒక వర్గపు సమృద్ధికి మాత్రమే సాక్ష్యం. 'మేఫ్లై' అన్న మాట కాటన్ నాటిదైతే స్టోన్‌ఫ్లై కూడా అందులో ఉండవచ్చు. హాల్‌ఫర్డ్ నాటిదైతే అది ఎఫెమెరా.

ఈ ఆధారాలను తూచడానికి నాలుగు ప్రశ్నలు అవసరం. పేరు ఏ నదిపై వాడినది? ఏ కాలపు రచయిత వాడినది? తేదీ ఏ పంచాంగానిది? పేరు ఏ దశను, ఏ లింగాన్ని సూచిస్తోంది? వీటికి సమాధానాలు దొరికినప్పుడు లోకనామం విలువైన చారిత్రక సాక్ష్యమవుతుంది. అవి లేకుండా పాత పేరు పక్కన నేటి శాస్త్రీయ నామాన్ని రాసివేయడం వల్ల లేని క్షీణతలు కనిపించవచ్చు, ఉన్న క్షీణతలు మరుగునపడవచ్చు.

ఈ మెలకువ ఎంత అవసరమో ఈరీ సరస్సు అనుభవం చెబుతుంది. 1953లో ఆ సరస్సు పశ్చిమ భాగంలో అడుగునీటి ఆక్సిజన్ తగ్గిపోయి హెక్సజీనియా శాబకాలు పెద్దఎత్తున నశించాయి. అవి తిరిగి చెప్పుకోదగినంతగా కనిపించింది 1990లలోనే. అవే కీటకాలను ఒడ్డు ప్రజలు 'ఫిష్‌ఫ్లై', 'కెనడియన్ సోల్జర్' అన్నారు. మిషిగన్ వేటగాళ్ళు వేరే క్రమపు కీటకం పేరైన 'కాడిస్'ను తగిలించి 'మిషిగన్ కాడిస్' అన్నారు. నేడు ఈ గుంపులను వాతావరణ రాడార్ లెక్కిస్తోంది. 2012 తరువాత అవి సగానికి పైగా తగ్గినట్లు 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. రాడార్ రాకముందు కాలానికి మాత్రం జనం పెట్టుకున్న ఆ పేర్లే దారి చూపాలి.

10. ముగింపు

1496 నాటి మాసాల పట్టిక నుంచి నేటి నదీ పర్యవేక్షణ వరకు వేటగాళ్ళ పేర్లు ఒకే స్వభావంతో కొనసాగాయి. కాలం, రంగు, దశ, చేప స్పందన వాటి ప్రాతిపదిక. శాస్త్రీయ నామకరణం వాటిని తొలగించలేదు; రొనాల్డ్స్, జెన్నింగ్స్ వంటివారి కృషిలో వాటికి తోడుగా నిలిచి మరింత స్పష్టతనిచ్చింది. అట్లాంటిక్ దాటినప్పుడు పేర్లు కొత్త జీవులకు అంటుకున్న తీరు, పదానికి స్థలమూ కాలమూ ఎంత ముఖ్యమో నిరూపించింది. నదులు వేగంగా మారుతున్న కాలంలో ఈ పదజాలం నష్టాన్ని కొలిచే పాత గీతల వంటిది. ఏ గీత ఎవరు, ఎక్కడ, ఎప్పుడు గీశారో తెలుసుకున్నాకే దానితో కొలవాలి.